పాలడబ్బు – పిల్లల లెక్క

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పశువుల ఆరోగ్యం గురించి డాక్టరు గారు చెప్పారు. దాణా గురించి సూపర్‌వైజరు గారు చెప్పారు. నాకు అప్పగించిన విషయం బిల్లుల చెల్లింపు. ఇన్స్పెక్టరు లేచి నిలబడితే కార్యదర్శి గారికి రిజిస్టర్లు గుర్తుకు వస్తాయి, సభ్యులకు నిద్ర వస్తుంది. కావున ఈ రోజు రిజిస్టర్ల సంగతి కొంచెం పక్కన పెట్టి, మీ ఇళ్ళలో జరుగుతున్న సంగతే మాట్లాడతాను.

బట్వాడా రోజు

మీలో నడివయసు దాటిన వారందరికీ బట్వాడా రోజు గుర్తు ఉంటుంది. పక్షానికి ఒకసారి కార్యదర్శి బ్యాంకు నుంచి డబ్బు తెచ్చి సంఘం అరుగు మీద కూర్చునేవారు. తల్లికి తీరిక లేకపోతే పిల్లవాడి చేతికి పాలపుస్తకం ఇచ్చి పంపేది. పిల్లవాడు వరుసలో నిలబడి, డబ్బు తీసుకుని, అక్కడే ఒకసారి లెక్కపెట్టేవాడు. ఇంటికి వచ్చాక తల్లి మళ్ళీ లెక్కపెట్టేది. తేడా వస్తే వీపు మీద ఒకటి పడేది, లేదా తల్లి కొంగు బిగించి సంఘానికి వచ్చేది. ఆ విధంగా బడిలో నేర్చిన కూడికలు, తీసివేతలు ఇంటి డబ్బు మీద సాధన అయ్యేవి.

ఆ రోజులు బంగారపు రోజులని నేను అనడం లేదు. చిల్లర లేదని పైసలు కోసిన సంఘాలు ఉన్నాయి. లెక్కపెట్టకుండా వేలిముద్ర వేసిన సభ్యులు ఉన్నారు. బ్యాంకులో డబ్బు అందక పది రోజులు ఆలస్యమైన బిల్లులూ ఉన్నాయి. తనిఖీలలో ఇవన్నీ నేనే రాశాను. అయినా ఒక మేలు ఉండేది. డబ్బు ఇంట్లో అందరి కళ్ళ ముందు ఉండేది.

మార్పు కొత్తది కాదు

చెల్లింపు పద్ధతి మారినప్పుడల్లా మన పెద్దలు ఇబ్బంది పడ్డారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి 16 అణాలు. కొత్త లెక్కలో రూపాయికి 100 పైసలు. అణాకు ఆరుంబావు పైసలు రావాలి, కాని పావు పైసా అనే నాణెం లేదు. అందుచేత అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 పైసలని పట్టిక వేశారు. మా నాయనమ్మకు ఆ 19 ఎక్కడి నుంచి వచ్చిందో చివరిదాకా అర్థం కాలేదు. మా నాన్నగారు అప్పుడు బడిపిల్లవాడు. రోజూ సాయంత్రం ఆ పట్టిక చదివి వినిపించి, చుక్కలు పెట్టి లెక్క చెప్పేవారట. ఆవిడ ఆయనకు గిద్ద, సోల, తవ్వ, మానిక చెప్పేది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. తరువాత లీటర్లు వచ్చాయి. అదీ అలాగే నేర్చుకున్నారు.

గమనించండి. పద్ధతి మారింది, కాని ఇంట్లో పెద్దలూ పిల్లలూ ఒకరికొకరు చెప్పుకున్నారు. ఈసారి ఆ పని జరగలేదు. నా బాధ అదే.

2014 ఆగస్టులో జన్‌ధన్ ఖాతాలు మొదలయ్యాయి. 2016లో యూపీఐ వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. చాలా సంఘాలలో పాలడబ్బు నేరుగా ఖాతాకు వెళ్ళడం మొదలైంది. ఖాతాలు తెరిపించమని నాకు ఉత్తరువులు వచ్చాయి. నేను ఊరూరా తిరిగి తెరిపించాను. "నూటికి నూరు మంది సభ్యులకు ఖాతాలు కలవు" అని నివేదిక పంపి సంతోషించాను. ఎంతమందికి తమ ఖాతా చదువుకోవడం వచ్చును అనే గడి ఆ నివేదికలో లేదు. నేనూ ఆ గడి గీయలేదు. సహకార డిప్లొమా చదివి ఇన్నేళ్ళు లెక్కలు చూసిన వాడిని, నాకు ఆ మాట తోచలేదు. ఇది నా తప్పే అని మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ఒక ఫిర్యాదు

ఒక సంఘంలో తనిఖీ చేస్తుండగా ఒక పెద్దావిడ వచ్చింది. "బాబూ, ఈ పక్షం సంఘం వాళ్ళు నా డబ్బు తగ్గించి వేశారు. నేను పోసిన పాలు తగ్గలేదు" అన్నది. కార్యదర్శి ముఖం వాడిపోయింది. నేను పుస్తకం తెరిచాను. పాలు తగ్గని మాట నిజమే. పూటకు 5 లీటర్లు, రెండు పూటలూ పోసింది. కాని వెన్న శాతం 7 నుంచి 6.5కు దిగింది.

అర పాయింటే కదా అనుకోకండి. అక్కడి ధర వేరు, మీకు సులువుగా ఉండటానికి కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 5 లీటర్లు అంటే 5.15 కిలోలు. 7 శాతం ఉంటే అందులో వెన్న 360.5 గ్రాములు, అంటే 288 రూపాయల 40 పైసలు. 6.5 శాతం ఉంటే వెన్న 334.75 గ్రాములు, అంటే 267 రూపాయల 80 పైసలు. పూటకు తేడా 20 రూపాయల 60 పైసలు. పక్షానికి 30 పూటలు. మొత్తం 618 రూపాయలు! వెన్నతో పాటు ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా చూసి ధర కట్టే సంఘాలలో పట్టిక వేరుగా ఉంటుంది, కాని లెక్క వేసుకునే అలవాటు అక్కడా అవసరమే.

"అమ్మా, పాలు పితికేది మీరేనా?" అని అడిగాను. చేయి నొప్పి వల్ల ఈ మధ్య కోడలు పితుకుతున్నదట. చివర కొంచెం వదిలేసి దూడను విడుస్తున్నదట. చివరి ధారలలోనే వెన్న ఎక్కువ అని మీకు నేను చెప్పనక్కర లేదు. సంఘం మోసం చేయలేదు, గేదె మోసం చేయలేదు. వెన్న దూడకు పోయింది, అంతే.

అయితే ఈ సంగతి మొదటి పూటే తెలియాలి. యంత్రం ప్రతి పూటా చీటీ ఇస్తున్నది కదా! ఆ చీటీలు తెచ్చేది ఎనిమిదో తరగతి చదివే మనవడు. వాడిని పిలిచి చదవమన్నాను. గడగడా చదివాడు. "ఫ్యాట్ అంటే ఏమిటి నాయనా?" అని అడిగితే "లావు అండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చీటీ చదవగలిగిన వాడికి వెన్న సంగతి తెలియదు. వెన్న సంగతి తెలిసిన ఆవిడకు చీటీ చదవడం రాదు. ఇద్దరూ ఒక్క ఇంట్లోనే ఉన్నారు.

ఇంకొక మాట కూడా బయటపడింది. ఖాతాలో పడినది కూడా పూర్తిగా ఆవిడ చేతికి అందలేదు. దాణా బాకీ సంఘమే కోసుకున్నది. ఫోను రీచార్జి, పెద్దవాడి పరీక్ష ఫీజు ఫోనులోనే వెళ్ళిపోయాయి. కొడుకు చెప్పాడు, మనవడు పంపాడు. దొంగతనం ఏమీ లేదు. "డబ్బు పడిందా?" అని ఆవిడ అడిగితే "పడింది నాయనమ్మా" అన్నాడు. ఎంత పడింది, ఎంత పోయింది అని ఆవిడ అడగలేదు, వాడు చెప్పలేదు. నోట్లు చేతికి వచ్చిన రోజుల్లో ఇట్లా జరిగేదా?

లెక్కకు రెండు భాషలు

ఇప్పటి పిల్లలు ఎక్కువ మంది ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. చదవనివ్వండి, మంచిదే. కాని ఎక్కాలు ఇంగ్లీషులో నేర్చిన పిల్లవాడికి డెబ్బై ఏదో, తొంభై ఏదో తెలియడం లేదు. తల్లి "తొమ్మిదివందల డెబ్బై పంపరా" అంటే 990 కొడుతున్నాడు. మా అబ్బాయి సంగతి చెబుతాను. ఇంజనీరింగు చదువుతున్నాడు. ముప్పావు కిలో తెమ్మంటే, "ముప్పావు అంటే ముప్పై గ్రాములా నాన్నగారూ?" అని అడిగాడు. వాడిని కోప్పడ్డాను. తరువాత ఆలోచిస్తే, వాడికి చెప్పవలసిన వాడిని నేనే కదా! ఊళ్ళన్నీ తిరిగి సభ్యులకు లెక్కలు చెప్పాను, ఇంట్లో చెప్పలేదు.

పైసల సంగతీ అంతే. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. బజారులో పైసలు కనబడవు, మన చీటీలో మాత్రం ఉన్నాయి. పిల్లవాడు వాటిని వదిలేసి చదువుతున్నాడు. ఇందాకటి లెక్కలో పూటకు 60 పైసలు వదిలేస్తే పక్షానికి 18 రూపాయలు. ఇవి మీవే.

మనం చేయవలసినది

మళ్ళీ నగదు బట్వాడా పెట్టమని కొందరు అడుగుతున్నారు. వారి కష్టం నాకు తెలుసు. అయినా ఖాతాలో పడిన డబ్బుకు రుజువు ఉంటుంది, దారిలో కోతపడదు. ఈ పద్ధతి ఉంచుకుందాం, దానికి బట్వాడా రోజును మాత్రం మళ్ళీ తెచ్చుకుందాం. నా మనవి ఇది.

ఒకటి. బిల్లు పడిన రోజు సాయంత్రం ఇంట్లో అరగంట కూర్చోండి. పదిహేను రోజుల చీటీలు, ఫోను, పాస్‌బుక్కు ముందు పెట్టుకోండి. పిల్లవాడు చదవాలి, పెద్దలు అర్థం చెప్పాలి. పాలెన్ని, వెన్న ఎంత, బిల్లు ఎంత, కోత ఎంత, ఖాతాలో పడినది ఎంత అని నోటుపుస్తకంలో పిల్లవాడి చేత తెలుగు అంకెలలో పలికిస్తూ రాయించండి. ఆడపిల్లలకూ ఇదే నేర్పండి.

రెండు. వెన్న శాతం రెండు పూటలు వరుసగా తగ్గితే ఆ రోజే అడగండి. మీ పాలు మీ ఎదుట పరీక్ష చేయమనడం, పుస్తకంలో మీ ఖాతా చూపమనడం పోట్లాట కాదు. అది సభ్యుని హక్కు.

మూడు. పాలు పితికి పోసేది భార్య, సభ్యత్వమూ ఖాతా భర్త పేరున. నగదు రోజుల్లో వరుసలో నిలబడిన ఆవిడ చేతికే డబ్బు వచ్చేది. ఇప్పుడు ఆవిడకు కబురు కూడా రావడం లేదు. కష్టపడే వారి పేరు మీదకు సభ్యత్వం, ఖాతా మార్చుకునే దరఖాస్తు కార్యదర్శి గారి దగ్గర పెట్టండి.

నాలుగు. ఫోను పిన్ పిల్లలకు వదిలేయకండి, మీరు నేర్చుకోండి. ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే చాలు, డబ్బు పంపడానికే పిన్ కావాలి, పుచ్చుకోవడానికి అక్కర లేదు. "బోనస్ వేస్తాము, పిన్ కొట్టండి" అని ఎవరైనా ఫోను చేస్తే అది మోసం. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి దాచుకుంటే డబ్బు దొరికే అవకాశం పోతుంది.

పాలకవర్గం వారికి కూడా ఒక మనవి. ధరల పట్టిక తెలుగులో, పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి. చీటీలో ఉండే ఇంగ్లీషు మాటలకు అర్థాలు దాని పక్కనే రాయించండి. బిల్లు ఖాతాలకు పంపిన రోజు మైకులో చెప్పించండి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

ఆ పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాను. తరువాతి తనిఖీకి వెళ్ళినప్పుడు మనవడు చీటీ పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. "వెన్న 6.9 అండీ. నిన్న 7. కోడలు ఈ రోజు తొందరగా పితికిందని నాయనమ్మ అంటున్నది" అన్నాడు. కోడలంటే వాడి తల్లే! ఒక్క పాయింటులో పదో వంతు తేడా కనిపెట్టాడు. నేను నా తనిఖీ పుస్తకంలో ఒక గడి గీసి, ఆ ఇంటికి ఎదురుగా "చదువుకుంటున్నారు" అని రాసుకున్నాను.

ఇక నుంచి ప్రతి సంఘంలోనూ ఆ గడి నింపాలని నా కోరిక. వచ్చేసారి మీ ఊరికి వచ్చినప్పుడు నేను కార్యదర్శి గారి పుస్తకంతో పాటు మీ పిల్లల నోటుపుస్తకం కూడా అడుగుతాను. సిద్ధంగా ఉంచగలరు.