మనసుకూ ఒక రిజిస్టరు

(నరసన్నపేటలో జరిగిన కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పని ఒత్తిడిని తగ్గించుకునే మార్గాల గురించి మాట్లాడమని మీరు కోరినప్పుడు మాకు నవ్వు వచ్చింది. ఆ ఒత్తిడితోనే ముప్ఫై ఏళ్లకు పైగా కాపురం చేసినవారం మేము. వైద్యులం కాము, మనస్తత్వ శాస్త్రం చదివినవారం కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే బయటకు వచ్చాం. మా దగ్గర ఉన్నది ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే.

మార్చి నెల ఎలా ఉంటుందో ఆ ఉద్యోగం చేసినవారికి తెలుసు. 31వ తేదీతో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఆలోగా బిల్లులు ట్రెజరీకి చేరకపోతే మంజూరైన నిధులు మురిగిపోతాయి. ఒక మార్చిలో మేము ఫైళ్లను ఇంటికి మోసుకువచ్చాం. రాత్రి తొమ్మిది దాటింది. మా చిన్నవాడు లెక్క అర్థం కావడం లేదని పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడి మీద అరిచాం. వాడు ఏడవలేదు. పుస్తకం మూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా కాలం మమ్మల్ని లెక్కలు అడగలేదు. ఆ ఏడాది బిల్లులన్నీ సకాలంలో పాసయ్యాయి. అవి వేటికి సంబంధించినవో ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు.

మరునాడు మా ముఖం చూసి సూపరింటెండెంటు గారు "ఎన్ని పెండింగు ఉన్నాయండీ?" అని అడిగారు. "వంద ఉంటాయి సార్" అన్నాం. "పర్సనల్ రిజిస్టరు తీయండి" అన్నారు. తీసి లెక్కపెడితే ఇరవై ఆరు. వాటిలో ఆ వారం తప్పనిసరిగా తేల్చవలసినవి ఏడు. తలలో వంద ఉన్నవి కాగితం మీద ఇరవై ఆరు అయ్యాయి.

ఆ రిజిస్టర్ల పద్ధతి బ్రిటిషు కాలం నాటిది. దాని మీద మేము జోకులు వేసుకున్న రోజులూ ఉన్నాయి. కానీ దానిలో గొప్ప తెలివి ఉంది. తన బల్ల మీదకు వచ్చిన ప్రతి కాగితాన్నీ గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో నమోదు చేసుకోవాలి. ఎప్పుడు వచ్చింది, ఏం చేశాం, ఎవరి దగ్గర ఆగింది అన్నది ఎదురుగా రాయాలి. కొన్ని నెలల పాటు ఏమీ చేయడానికి వీలులేని ఫైళ్లను, ఉదాహరణకు కోర్టులో వ్యాజ్యం నడుస్తున్నవాటిని, కాల్ బుక్ అనే వేరే పుస్తకంలోకి మార్చి, తిరిగి ఎప్పుడు చూడాలో తేదీ వేస్తారు. ఆ తేదీ వరకు ఆ ఫైలు బల్ల మీద ఉండదు. మనలో చాలామందికి నిద్ర లేకుండా చేసేవి ఈ కాల్ బుక్ ఫైళ్లే. కూతురు పెళ్లి ఇంకా నాలుగేళ్లు ఉంది. స్థలం దావా వాయిదా మీద వాయిదా పడుతోంది. గల్ఫులో ఉన్న కొడుకు వీసా సంగతి అక్కడివారు తేల్చాలి. ఈ రాత్రి మనం చేయగలిగింది ఏమీ లేదు. అయినా రోజూ ఆ ఫైళ్లను విప్పుతాం, కట్టుతాం. రెండు రూపాయల కలంతో, పిల్లల పాత నోటుపుస్తకంలో రాసి తేదీ వేసి చూడండి. ఇషా నమాజు తర్వాత పది నిమిషాలు చాలు. మేము పదవీ విరమణ చేసిన తర్వాత కూడా ఈ అలవాటు మానలేదు.

తేలిపోయిన ఫైళ్లకూ ఒక క్రమం ఉంది. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా భద్రపరచాలి. డి.డిస్. అయితే పదేళ్లు. ఎల్.డిస్. అయితే ఒక్క ఏడాది ఉంచి నాశనం చేయవచ్చు. తోడల్లుడు ఏ పెళ్లిలోనో అన్న మాటను మనం ఆర్.డిస్.లో పెట్టుకుని ముప్ఫై ఏళ్లుగా దుమ్ము దులుపుతూ ఉంటాం.

ఇక మన ఊరి సంగతి. ఈ జిల్లా జనాభాలో మనం నూటికి ఒక్కరం కూడా లేము. అందువల్ల మసీదు లెక్కలు చూసేది, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపేది, జనాజాకు మనుషులను పిలిచేది, ఆలుమగల తగాదా తీర్చేది ఆ నలుగురైదుగురే. వారికీ దుకాణాలు ఉన్నాయి, ఇళ్లలో వృద్ధులు ఉన్నారు. సేవ పేరుతో ఒకే బల్ల మీద టపా అంతా పోస్తే ఆ గుమాస్తా పడిపోతాడు. కార్యాలయంలో డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరు పెట్టింది పంపకం కోసమే. డిగ్రీ చదువుతున్న పిల్లలు మన మధ్య ఉన్నారు. ఆన్‌లైన్ దరఖాస్తులు మా కంటే వారే చక్కగా చేస్తారు. ఆ పని ఈ నెల నుంచే వారికి అప్పగించాలి.

సల్మాన్ ఫార్సీ, అబూ దర్దా (రజి) గార్ల వృత్తాంతం మీకు తెలిసినదే. అబూ దర్దా పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతుంటే, నీ ప్రభువుకే కాదు, నీ శరీరానికీ నీ ఇల్లాలికీ నీ మీద హక్కు ఉన్నదని సల్మాన్ ఆయనకు చెప్పారు. ప్రవక్త (స) దానిని సమర్థించారు. హక్కుల గురించి ఇంతగా మాట్లాడుకునే మనం మన శరీరం హక్కును మాత్రం మరిచిపోతాం.

ఇంట్లోని స్త్రీల హక్కునూ మరిచిపోతాం. సహరీకి అందరి కంటే ముందు లేచేది ఎవరు? ఇఫ్తారులో అందరి కంటే చివర కూర్చునేది ఎవరు? పండుగ ముందు పది రోజులు కుట్టుమిషను మీద వంగి, మధ్యలో లేచి పొయ్యి చూసుకునే మన ఆడపిల్లల నడుము నొప్పికి మాత్ర ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. గిన్నెలు కడగడం వల్ల మగవాడి గౌరవం తగ్గదు. మేము ఆలస్యంగా మొదలుపెట్టాం, ఇప్పటికీ సరిగా కడగమని ఇంట్లో ఫిర్యాదు ఉంది.

ప్రభుత్వ ఉద్యోగులకు రంజాన్ నెలలో గంట ముందుగా వెళ్లే అనుమతి ఇస్తున్నారు. బట్టల కొట్టులో నిలబడే కుర్రవాడికి ఆ ఉత్తర్వు వర్తించదు. ఉదయం తొమ్మిదికి నిలబడితే రాత్రి తొమ్మిదికి గాని కూర్చోడు. వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని, వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలని 1988లో చేసిన దుకాణాలు, సంస్థల చట్టంలోనే రాశారు. ఆ సెలవు కోసం ఒక్కడే అడిగితే పని పోతుందేమోనన్న భయం సహజం. నలుగురు కలిసి, ఒక పెద్దను వెంటబెట్టుకుని, మర్యాదగా అడగాలి. ఆ యజమానుల్లో మనవారూ ఉన్నారు. కనీసం వారి దుకాణాల్లోనైనా రేపే ఒక ముక్కాలిపీట వేయించవచ్చు.

అన్నిటి కంటే బరువైనది అప్పు. వలీమా ఘనంగా చేయాలని వారం వసూళ్ల అప్పు తెచ్చి, ఆ వారం రోజు వస్తుందంటేనే గుండె దడతో లేచే ఇళ్లు మేము చూశాం. నికాహ్‌ను తేలిక చేసుకోవడం మన చేతిలో ఉన్న పని. ఇప్పటికే అప్పులో ఉన్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఏడాదికి మూడు లక్షల వరకు ఆదాయం ఉన్న కుటుంబాలకు హామీ లేకుండా ఇచ్చే సూక్ష్మ రుణాలపై రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు జారీ చేసింది. ఇంటిల్లిపాదికీ ఉన్న అప్పుల నెలసరి వాయిదాలన్నీ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటేలా కొత్త అప్పు ఇవ్వరాదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్లు చేసి వేధించరాదు. దూషణ, బెదిరింపు కూడదు. ఆ కుటుంబాలకు ఈ నిబంధన చదివి వినిపించాం. అప్పు తీరలేదు గాని, రాత్రి ఫోను మోగితే ఎత్తనవసరం లేదన్న ధైర్యం వచ్చింది.

ఇన్ని చేసినా నిద్ర పట్టనివారు, బతుకు మీద విరక్తి కలుగుతున్నవారు ఉంటారు. అది ఈమాన్ లోపం కాదు, అలా అని ఎవరినీ అవమానించకండి. 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. మనలో ఎవరికైనా ఆ అవసరం కలిగితే పక్కన కూర్చుని నంబరు నొక్కిపెట్టడం మిగతావారి బాధ్యత.

వచ్చే ఆదివారం అసర్ నమాజు తర్వాత మసీదు వరండాలో కూర్చుంటాం. అప్పు కాగితాలు ఉన్నవారు వాటిని, లేనివారు ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. సోదరీమణులు మా ఇంటికి రావచ్చు, మా ఇంటివారు ఉంటారు. చిన్న అక్షరాలు చదవడానికి కళ్లద్దాలు మా దగ్గర రెండు జతలు ఉన్నాయి.