వ్యాయామ శిక్షకుడు - ఇంటి వంట

వ్యాయామశాలకు వెళ్లేవారిలో చాలామంది ఆహారం విషయంలో ముందుగా అడిగేది శిక్షకునినే గనుక, ఆయన ఇచ్చే సలహా శాస్త్రసమ్మతంగా ఉండటం అవసరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు, కండలు పెంచుకోవడానికి ప్రోటీన్ పొడులను ఆశ్రయించవద్దని స్పష్టంగా సూచించాయి. ప్రోటీన్లు, అనగా కండరాల నిర్మాణానికి, మరమ్మతుకు తోడ్పడే మాంసకృత్తులు, ఆరోగ్యవంతులైన పెద్దలకు శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 0.83 గ్రాములు చాలు. 60 కిలోల మనిషికి ఇది దాదాపు 50 గ్రాములు, కఠిన వ్యాయామం చేసేవారికి మరికొంత. ఒక గుడ్డులోనూ, 30 గ్రాముల కందిపప్పులోనూ దాదాపు 6 గ్రాముల చొప్పున ఉంటాయి కాబట్టి, అన్నం కొంత తగ్గించి పాలకూరపప్పు మరో గరిటె వేసుకోమనడం డబ్బా కొనిపించడం కంటే మేలు.

అయితే మన ఇళ్లలో అందరికీ వంట ఒకటే అయినందున, వండేవారితో మాట్లాడకుండా రాసిచ్చిన ఆహార పట్టిక ఫ్రిజ్ తలుపు దాటి కంచంలోకి రాదు. నూనెను కొలిచి పోయడం, రోజుకు 5 గ్రాములు మించకూడని ఉప్పులో ఆవకాయను, అప్పడాలను కూడా లెక్కించడం ఇంటిల్లిపాదికీ వర్తిస్తాయి. మధుమేహం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి పథ్యం నిర్ణయించడం మాత్రం శిక్షకుని పని కాదు. వారిని వైద్యుని వద్దకో, డైటీషియన్ వద్దకో పంపవలసిందే.