అమెరికా ఇండ్లలోని గ్యారేజి తలుపు



మన ప్రాంతమున పెక్కు కుటుంబములవారికి నేడు అమెరికాలో కొడుకో కూతురో ఉన్నారు. మనుమల ఆలనాపాలనకై కొన్ని మాసములు అచ్చట నుండి వచ్చు తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఎందరో కలరు. పగటివేళ కొడుకు, కోడలు ఉద్యోగములకు పోగా ఇల్లును, పసివాండ్రును వీరి చేతిలో నుందురు. ఆ ఇంటిలో కదలెడు వస్తువులలో మిక్కిలి పెద్దది గ్యారేజి తలుపు. మీట నొక్కిన పైకి లేచును. మరల నొక్కిన క్రిందికి దిగును. దానిని నడుపుట ఎవరైనను క్షణములో నేర్తురు. అది మొరాయించిననాడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో మాత్రము కొందరికే తెలియును. ఆ విషయమునే నేడు మనవి చేయదలచితిమి.

పైకి లేచు ఈ తలుపును సి. జి. జాన్సన్ అను అమెరికా దేశీయుడు 1921లో నిర్మించెను. 1926లో దానిని నడుపుటకు విద్యుద్యంత్రమును కల్పించెను. రెండు కార్లు పట్టునంతటి తలుపు సాధారణముగా 150 పౌనులకు పైబడి తూగును. అంతటి బరువును పైకప్పునకు వ్రేలాడు చిన్న మోటారు ఎత్తుచున్నదని మనము భ్రమపడుదుము. నిజమునకు బరువును మోయునవి స్ప్రింగులు. తలుపు మూసియున్నప్పుడు అవి గట్టిగా మెలిపడి యుండును. తెరచునపుడు ఆ మెలి విడుచు బలముచేత తలుపు తేలిక యగును. మోటారు దానిని కొంచెము లాగును, అంతే. ఈ ఒక్క సంగతి గ్రహించినచో తక్కిన వన్నియు సులభముగా బోధపడును.

సామాన్యమైన స్ప్రింగు 10,000 పర్యాయములు తెరచి మూయుటకు సరిపడునట్లు చేయబడును. దినమునకు 4 మారులు వాడు ఇంటిలో అది ఏడేండ్లకు లోపుగానే తీరిపోవును. ఒకనాడు పెద్ద చప్పుడై, పిదప మోటారు మూలుగుచు తలుపును జానెడు మాత్రమే ఎత్తి ఆగినచో, స్ప్రింగు తెగినదని తలంపవలెను. తలుపు పైనున్న స్ప్రింగులో చీలిక కంటికి కనబడును. అప్పుడు మీటను మరల మరల నొక్కరాదు. స్ప్రింగునుగాని, దాని బిగింపులనుగాని, తలుపు అడుగునకు తగిలించిన ఇనుప తాళ్లనుగాని స్వయముగా విప్పరాదు. వానిలోని బిగువు చేతులు విఱుగగొట్టగలదు. అది పనివాడు చేయవలసిన పని.

ఇక మనము చేసికొనదగినవి చెప్పుదుము. గోడమీట పనిచేయుచు చేతిలోని రిమోటు పనిచేయనిచో ముందుగా దాని బ్యాటరీని మార్చవలెను. గోడమీటపై రిమోటును నిలుపుచేయు తాళపు మీట యొకటి యుండుట కలదు. అది పొరపాటున నొక్కబడెనేమో చూడవలెను. రిమోటు చిన్న ప్రసారయంత్రము. పైనున్న పెట్టెలో దాని పిలుపు నందుకొను రేడియో కలదు. కనుక మన రేడియోలలో వినవచ్చు గరగర వంటి చిక్కు దానికిని సంభవించును. కొన్ని ఎల్‌ఇడి బల్బులను ఆ పెట్టెలో అమర్చినచో రిమోటు దగ్గరకు వచ్చినగాని పనిచేయదు. బల్బును తీసి చూచిన కారణము తేలును. రిమోటు, గోడమీట రెండును పనిచేయనిచో ప్లగ్గునకు విద్యుత్తు వచ్చుచున్నదో లేదో పరీక్షింపవలెను.

తలుపు పైకి పోవును గాని క్రిందికి దిగదు, దీపము మిణుకుమిణుకు మనును. ఇది తఱచు వినవచ్చు ఫిర్యాదు. ద్వారమునకు ఇరుప్రక్కల, నేలకు 6 అంగుళములకు మించని ఎత్తున, రెండు చిన్న కన్నులు వంటి పరికరము లుండును. ఒకదాని కిరణము రెండవదానికి చేరకున్న తలుపు దిగదు. ధూళి, సాలెగూడు, పిల్లల బంతి తగిలి ప్రక్కకు తిరుగుట, ఎండ సూటిగా పడుట, ఇవి దానికి కారణములు. మెత్తని గుడ్డతో తుడిచి, రెండును ఎదురెదురుగా నుండునట్లు సరిచేసిన చాలును. చిరాకుపడి వానిని ఊడబెరుకుట మహాపరాధము. తలుపుల క్రింద చిక్కి పసిబిడ్డలు మరణించినందువలననే 1990లో అమెరికా శాసనసభ చట్టము చేసినది. 1993 జనవరి 1 నుండి తయారగు యంత్రములకు ఇట్టి రక్షణ తప్పనిసరి యైనది. అంతకు పూర్వపు యంత్ర మింకను ఇంటిలో నున్నచో మార్పించుటే మేలు.

నెల కొకమారు రెండు పరీక్షలు చేయవలెను. తలుపు దిగుచుండగా చీపురుకట్టను ఆ కిరణమున కడ్డముగా పెట్టవలెను. తలుపు వెంటనే వెనుదిరుగవలెను. పిదప ఒకటిన్నర అంగుళముల మందము గల కొయ్యపలకను గుమ్మము నడుమ నేలపై పరచి తలుపును దింపవలెను. పలకకు తగిలిన 2 సెకండ్లలో పైకి మరలవలెను. మరలనిచో, బాగుచేయించువరకు ఆ యంత్రమును వాడరాదు. గోడమీట నేలకు 5 అడుగుల పైన నుండవలెను. రిమోటు పిల్లలకు ఆటవస్తువు కారాదు.

ఏటికి రెండుమారులు కీళ్లకును స్ప్రింగులకును అంగడిలో దొరకు గ్యారేజి తలుపు నూనెను పూయవలెను. వంటనూనె, ఆముదము పనికిరావు. అవి దుమ్మును పట్టి జిగురగును. చక్రములు పరువెత్తు పట్టాలకు నూనె పూయరాదు, తుడిచిన చాలును.

కడపట ఎఱ్ఱ పిడి గల త్రాటిని గూర్చి. మోటారు పట్టాకు వ్రేలాడు ఆ త్రాటిని లాగినచో మోటారు పట్టు వీడి తలుపును చేతితో ఎత్తవచ్చును. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగినపుడు విద్యుత్తు పోయి, కొందఱు తలుపు తెరువలేక గ్యారేజిలలో చిక్కుకొనిరి. ఆ అనుభవముతో ఆ రాష్ట్రమున 2019 జూలై 1 నుండి అమ్ము కొత్త యంత్రములకు బ్యాటరీ ఉండవలెనని శాసించిరి. పాత యంత్రములకు ఆ త్రాడే దిక్కు. తలుపు పూర్తిగా మూసియున్నప్పుడే దానిని లాగవలెను. తెరచియున్నప్పుడు స్ప్రింగు తెగినదైనచో తలుపు ఒక్కసారిగా మీద పడును.

కావున అమెరికాకు పోవు పెద్దలు, ఇల్లు చేరిన మొదటి వారముననే ఆ త్రాడు ఎచ్చట నున్నదో కొడుకుచేతనో కూతురుచేతనో చూపించుకొని, వారి యెదుటనే ఒకమారు లాగి, తలుపును చేతితో ఎత్తి చూచుకొనవలెనని మా మనవి.