ఇంటిచదువు – విశ్రాంతోపాధ్యాయుల విధి
(కోరుకొండ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కొండ నీడను గూడిన యీ సభయందు పిల్లల యింటిచదువును గూర్చి మేము కొంచెము విన్నవించెదము.

మేము బడిలో పనిచేయునాడు ఒక బాలుడు భాగహారము చేయలేకుండెను. సోమరి యని వానిని పలుమారు గద్దించితిమి. ఒకనాటి సాయంకాలము ఇంటికి బిలిచి, ప్రక్కను గూర్చుండబెట్టుకొని చూడగా, ఏడవ యెక్కము మొదలుకొని వానికి రానేరాదని తెలిసినది. నలువదిమందిలో వాని నొక్కనిని చూడనేరని తప్పు మాది. నెల దినములలో ఎక్కములు వచ్చెను. వెంటనే భాగహారమును వచ్చెను.

పూర్వపు వీధిబడి పంతులు ప్రాతపాఠము ఒప్పగించుకొనిగాని క్రొత్తది చెప్పెడివాడు కాడు. నేటి పెద్ద తరగతులలో అది కష్టము. 2009 నాటి విద్యాహక్కు చట్టము 28వ సెక్షను ఉద్యోగములోనున్న యుపాధ్యాయులు ప్రైవేటు చెప్పుటను నిషేధించినది. అది న్యాయమే, బడిలో చెప్పవలసినది ఇంటికి దాచుకొనరాదు గదా! కావున విశ్రాంతి గొన్న మేమే ముందునకు రావలెను.

ఒక్కొక్కరము అయిదుగురు పిల్లలను జేర్చుకొందము. మొదటి వారము పాఠము చెప్పక, ఎవరి కెక్కడ చిక్కుపడినదో కనుగొందము. ఆడపిల్లలను వెనుకకు నెట్టరాదు. ఇతర కులముల పేదపిల్లలు వచ్చినను కాదనరాదు. గదియు, దీపమును, పుస్తకములును పోషకులు సమకూర్తురుగాక! మా గుమ్మము రేపటి సాయంకాలమునుండియే తెరచియుండును.