ఒక వంటగది, వంద నోళ్లు

ఈ రోజు పట్టా అందుకున్న యువ దంతవైద్యులకు నా అభినందనలు.

వనస్థలిపురం నుంచి నగరంలోకి వెళ్లడానికి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే, దిల్‌సుఖ్‌నగర్ కంటే ముందే విక్టోరియా మెమోరియల్ అనే స్టేషన్ వస్తుంది. రోజూ వేలమంది చెవిన పడే ఆ పేరు ఒక అనాథాశ్రమానిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లో వెలిసిన ఆ ఆశ్రమాన్ని మనవాళ్లు వీఎం హోం అంటారు. తల్లిదండ్రుల నీడ లేని పిల్లలకు చోటివ్వడం ఈ ప్రాంతానికి నూరేళ్లు దాటిన సంప్రదాయం. చోటిచ్చాం, అన్నం పెట్టాం, చదువు చెప్పించాం. ఇలాంటి హోంలలో పెరిగే పిల్లల నోట్లోకి ఎప్పుడైనా తొంగిచూశామా? ఈ రోజు మీతో ఆ సంగతే మాట్లాడతాను. నేను చెప్పదలచింది ఒక్కటే: హోంలో ఉన్న బిడ్డ పళ్లను కాపాడినా, పాడుచేసినా ఆ హోం దినచర్యే చేస్తుంది. అందువల్ల అక్కడ మీ వైద్యం వంటగదిలో మొదలవ్వాలి.

ఇంట్లో పెరిగే పిల్లల సంగతి ముందు చూద్దాం. 2002-03లో జరిగిన జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో 51.9 శాతం మందికి, పన్నెండేళ్లవారిలో 53.8 శాతం మందికి పుచ్చు పళ్లు కనిపించాయి. అమ్మానాన్నలు పక్కనున్న పిల్లల్లోనే సగం మంది పరిస్థితి ఇది. అయినా ఇంట్లో ఒక రక్షణ ఉంటుంది. బిడ్డ ఒక పక్కనే నములుతుంటే, చన్నీళ్లు తాగుతూ మొహం చిట్లిస్తే అమ్మ కనిపెడుతుంది. ఒక ఆయమ్మ ముప్పై నలభై మందికి తలదువ్వి బడికి పంపాల్సిన చోట ఆ చూపు ఎక్కడి నుంచి వస్తుంది? ఆరేళ్లప్పుడు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్నునే తీసుకోండి. దానికోసం ఏ పాలపన్నూ ఊడదు. చివరి పాలపన్ను వెనకాల చిగురు చీల్చుకుని, చప్పుడు లేకుండా వస్తుంది. దాని గాడుల్లో నల్లటి గీత పడినప్పుడు పట్టుకుంటే సీలెంట్‌తోనో చిన్న ఫిల్లింగ్‌తోనో పోతుంది. ఎవరూ చూడకపోతే పదేళ్లకల్లా పీకాల్సి రావచ్చు. బిడ్డ నొప్పి అని చెప్పేసరికే ఆలస్యమైపోతుంది. అడిగేవాళ్లు లేని పిల్లలు నొప్పిని చెప్పుకోవడం కూడా మానేస్తారు.

దినచర్యకు ఇంత బలముందని ఎలా నమ్మాలి? దీనికి జవాబు ఆస్ట్రేలియాలోని ఒక పిల్లల హోంలో దొరికింది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం బౌరల్ పట్టణంలోని హోప్‌వుడ్ హౌస్‌లో 1940లలో పిల్లలను శాకాహారంతో, ముడి ధాన్యంతో, పాలు, పచ్చి కూరలు, పళ్లతో పెంచారు. పంచదార, మైదా దాదాపు లేవు. ఏళ్ల తరబడి వాళ్లను పరీక్షిస్తే, పదమూడేళ్లవాళ్లలో 53 శాతం మందికి ఒక్క పుచ్చు పన్నూ లేదు. బయటి ప్రభుత్వ బడుల్లో అదే వయసు పిల్లల్లో అలాంటివాళ్లు 0.4 శాతం. హోప్‌వుడ్ పిల్లలు పళ్లు తోముకోవడంలో ముందున్నారా అంటే అదీ లేదు, చాలామందికి చిగుళ్ల వాపు ఉంది. తేడా తెచ్చింది వంటగదే. అదే కాలంలో స్వీడన్‌లోని విపెహోమ్ సంస్థలో మానసిక వైకల్యం ఉన్నవారికి జిగట మిఠాయిలు పెట్టి చూశారు. భోజనంతో పాటు తిన్న తీపి కంటే, భోజనాల మధ్య మాటిమాటికీ తిన్న తీపే పళ్లను తినేసిందని తేలింది. వాళ్ల అనుమతి ఎవరూ అడగలేదు. ఆ ప్రయోగం మనకు సైన్స్‌తో పాటు సిగ్గునూ నేర్పింది. కాదనలేని స్థితిలో ఉన్నవారి నోటి పట్ల మనకు ఎంత బాధ్యత ఉండాలో అక్కడే తెలుసుకోవాలి.

ఇప్పుడు మన హోంల వైపు చూడండి. పుట్టినరోజు వస్తే కేకు, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు పట్టుకుని అనాథాశ్రమానికి వెళ్లడం మన నగరంలో మంచి అలవాటుగా స్థిరపడింది. ఇచ్చేవారికి అది ఏడాదికి ఒక్క రోజు. తీసుకునే పిల్లలకు ఎవరో ఒకరి పుట్టినరోజు వారంలో ఎన్నోసార్లు వస్తుంది. అదీ సాయంత్రం, భోజనానికి ముందో తర్వాతో. ఆ పిల్లలకున్న ఒక్క సంతోషాన్నీ లాక్కుంటారా అని మీరు అడగవచ్చు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాబట్టి సూటిగా జవాబు చెప్పాలి. పండగను ఆపమనడం లేదు, వేళ మార్చమంటున్నాను. పాయసమో, మిఠాయో మధ్యాహ్నం భోజనంలో వడ్డించి, తర్వాత నీళ్లతో పుక్కిలిస్తే చాలా నష్టం తప్పుతుంది. చాక్లెట్ల డబ్బుతో జామకాయలు, అరటిపళ్లు, ఫ్లోరైడ్ పేస్టు కొనిపించండి. దాతలకు ఈ ముక్క చెప్పాల్సింది దంతవైద్యులే. వార్డెన్ చెబితే కృతఘ్నతలా వినిపిస్తుంది, మీరు చెబితే వైద్య సలహా అవుతుంది.

పాలపళ్లు ఎలాగూ ఊడిపోతాయి, తిండీ చదువూ ముఖ్యం కదా అనేవారున్నారు. పుచ్చు పన్ను చీము పట్టిన బిడ్డ తినలేదు, నిద్రపోలేదు, లెక్కలు చేయలేదు. తిండినీ చదువునూ చెడగొడుతున్నది ఆ పన్నే. ఏటా దంత శిబిరాలు పెడుతున్నాం కదా అనేది మరో మాట. శిబిరం రోజున పుచ్చులు లెక్కపెడతాం, బ్రష్షులు పంచుతాం, బ్యానర్ ముందు ఫొటో దిగుతాం. మర్నాడు ఆ ముప్పై బ్రష్షులూ ఒకే ప్లాస్టిక్ మగ్గులో కుచ్చులు ఆనించుకుని నిలబడతాయి, ఎవరిది ఏదో తెలియదు. పైగా హోం పిల్లల ముఖాలు ప్రచురించడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. మూడు నెలలకోసారి జరిగే వైద్య పరీక్షలో పళ్లనూ చూడాలని 2016 నమూనా నిబంధనలు చెబుతున్నాయి. అంటే మనం దయతో చేస్తున్నామనుకునేది ఆ బిడ్డకు హక్కుగా రావాల్సింది. డ్రిల్లు, కరెంటు, కుర్చీ లేకపోయినా పని ఆగదు. పుచ్చును అక్కడికక్కడ ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అది పూసిన చోట పుచ్చు నల్లబడుతుంది. ఆ సంగతి బిడ్డకు ముందే చెప్పి, బాధ్యుల అనుమతి తీసుకుని చేయండి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం హోప్‌వుడ్ నుంచే వస్తుంది. అక్కడి పిల్లలు హోం వదిలి బయటి తిండికి అలవాటు పడ్డాక, కొత్త పుచ్చులు బయటివాళ్లతో సమానంగా రాసాగాయి. మరి ఇంత శ్రమ వృథాయేనా? కాదు. అప్పటికి కాపాడిన పళ్లు వాళ్లకు మిగిలాయి. అయితే దినచర్య గోడల లోపలే ఆగిపోతే చాలదన్న హెచ్చరిక అందులో ఉంది. మన హోంలలో పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు బయటికి వెళ్తారు. చట్టం ప్రకారం ఇరవై ఒకటి వరకు వాళ్లకు అనంతర సంరక్షణ ఉంది. అందుకే పన్నెండేళ్లు దాటిన బిడ్డకు మనమే తోమించడం ఆపి, ఎందుకు తోమాలో నేర్పాలి. ప్రతి బిడ్డ ఫైల్లో దంతాల చార్టు ఉండాలి. ఒక హోం నుంచి మరో హోంకు మారినా, సొంత కాళ్ల మీద నిలబడ్డా ఆ కాగితం బిడ్డతో పాటు వెళ్లాలి.

డాక్టర్లారా, క్లినిక్ అద్దె, అప్పు, పీజీ సీటు మీ ముందున్నాయని తెలుసు. నేను అడిగేది మూడు నెలలకు ఒక్క పూట. మీ క్లినిక్‌కు దగ్గరలోని ఒక హోంను ఎంచుకుని, అనుమతి తీసుకుని వెళ్లండి. ముందు వంటగదిలో వారం మెనూ చదవండి. తర్వాత నల్లా దగ్గర ప్రతి బ్రష్షు మీద పేరుందో లేదో చూడండి. ఆ తర్వాతే పిల్లలను నోరు తెరవమనండి. మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ వెళ్లండి. ఆ పిల్లలు మిమ్మల్ని గుర్తుపట్టేదాకా వెళ్తూనే ఉండండి.