కెనడా మిల్క్‌వెచ్

ఉత్తర అమెరికా పచ్చికబయళ్ళలో, ఏటి ఒడ్డుల్లో దానంతటదే మొలిచే బహువార్షిక మొక్క కెనడా మిల్క్‌వెచ్. చిక్కుడు కుటుంబానిది, ఆకులు మన వెంపలిని గుర్తుచేస్తాయి. వేసవిలో మీగడ రంగు పూలగుత్తులు విచ్చుకుంటే తుమ్మెదలు ముసురుతాయి.

అమెరికాలో పెరడున్న మనవాళ్ళు దీన్ని తప్పక పెంచాలంటాను. చిక్కంతా విత్తనంతోనే. పైపొర గట్టిది, నీటిని లోపలికి దిగనివ్వదు. రెండు గరుకు కాగితాల మధ్య మెల్లగా రుద్దండి. నిగనిగ తగ్గి సన్నని గీతలు పడితే చాలు, లోపలి పప్పు నలగకూడదు. తర్వాత తడి ఇసుకలో కలిపి పది రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. తగిన రైజోబియం బ్యాక్టీరియాను విత్తనాలకు పట్టించి, ఎండ తగిలే చోట పైపైన విత్తండి. కుందేళ్ళు లేతాకును వదలవు, వల కట్టండి. ఈ మొక్క పశువులకు విషం కావచ్చు. మేతకు వేయకండి, మీరూ నోట పెట్టకండి.