నలుగురితో పని, నలుగురిలో మాట

(ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా అమలాపురంలో మన ఎరుకల విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక వరసల్లో కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నా మీరు వెనకే సర్దుకున్నారు. నేను మాట్లాడబోయేది దాదాపు దాని గురించే.

నేటి ఉద్యోగాలకు విద్యార్థులు ఎలా సిద్ధపడాలో చెప్పమన్నారు. ఏ ఉద్యోగ ప్రకటన చూసినా రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి టీమ్‌వర్క్, రెండోది క్రియేటివిటీ. ప్రపంచ ఆర్థిక వేదిక 2025లో ఇచ్చిన ఉద్యోగాల నివేదికలో యజమానులు కోరుకునే నైపుణ్యాల వరస ఉంది. విశ్లేషించి ఆలోచించడం అందులో మొదటిది. సృజనాత్మకంగా ఆలోచించడం నాలుగోది. ఈ మాటలు వినగానే మన పిల్లలు ఇవి హైదరాబాదు కాన్వెంటు పిల్లల సంగతులనుకుని ఆ కాగితం మడిచి పెట్టేస్తారు.

మడవకండి. ఆ మాటలకు అర్థం మన ఊళ్లోనే చూపిస్తాను.

2022 జూలైలో గోదావరి వచ్చింది, గుర్తుందిగా. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరింది. లంకలు మునిగాయి. 2019 అక్టోబరు 2 నుంచి మనకు గ్రామ సచివాలయాలున్నాయి. అలాంటి వారంలో ఒక సచివాలయంలో పని ఎలా ఉంటుందో ఊహించండి. ఇళ్ల లెక్క వీఆర్వో దగ్గర ఉంటుంది. నెలలు నిండిన గర్భిణుల జాబితా ఏఎన్‌ఎం దగ్గర ఉంటుంది. మంచం దిగలేని ముసలివాళ్లు ఏ వీధిలో ఉన్నారో పింఛన్లు చూసే వెల్ఫేర్ అసిస్టెంటుకు తెలుస్తుంది. ఎవరి కాగితం వాళ్ల దగ్గరే ఉంటే, ఉన్న ఒక్క పడవ ముందు ఏ గడపకు వెళ్లాలో ఎవరూ చెప్పలేరు. ఆ కాగితాలన్నీ ఒక బల్ల మీద పరిచి, అందరూ వంగి చూసి, ముందు ఈ ఇల్లు, తర్వాత ఆ ఇల్లు అని గీత గీస్తే పడవ కదులుతుంది. టీమ్‌వర్క్ అంటే ఆ బల్ల. క్రియేటివిటీ అంటే ఆ ఒక్క పడవతో ఎక్కువమందిని ఎలా దాటించాలో తేల్చడం. ఇందులో ఇంగ్లీషు ఎక్కడుంది?

ఇక నర్సింగు చదువుతున్న చెల్లెళ్లకు తెలుసు. డ్యూటీ మారేటప్పుడు ప్రతి మంచం దగ్గరా ఏం జరిగిందో అప్పగించి వెళ్లాలి. ఒక్క మాట మరిచిపోతే రోగికి ప్రమాదం. సాఫ్ట్‌వేర్‌లో ఒకరు రాసిన కోడ్ ఇంకొకరు చూసి సరే అన్నాకే లోపలికి వెళ్తుంది.

మరి మన చదువు దీనికి సిద్ధం చేస్తోందా? చాలావరకు లేదు. పదిహేనేళ్లపాటు పక్కవాడి పేపరు చూడొద్దని, నీ పేపరు పక్కవాడికి చూపించొద్దని నేర్పుతారు. పరీక్ష హాల్లో అది న్యాయమే. కానీ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి పక్కవాళ్ల పని చూడడం, మన పని చూపించడమే ఉద్యోగం. సగం చేసిన పనిని నలుగురి ముందు పెట్టి ఇక్కడ ఆగిపోయాను, సాయం చేయండి అనగలగాలి. గైడు బట్టీ పట్టి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు సరిగ్గా ఇక్కడే బిగుసుకుపోతారు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. బుట్ట అల్లే ఇంట్లో పుట్టినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాన్న వెదురు చీలుస్తాడు. కణుపు దగ్గర కత్తి పక్కకు పోతే ఆ బద్ద దండగ. అమ్మ బద్దలు నునుపు చేసి, అడుగు వేసి, పైకి అల్లుకొస్తుంది. అంచు కట్టడం చెయ్యి తిరిగినవాళ్ల పని. నాయనమ్మ సంతకు తీసుకెళ్లి అమ్ముకొచ్చి, “చేపలవాళ్లు కింద సందులు ఇంకాస్త ఉండాలంటున్నార్రా, నీళ్లు ఆగిపోతున్నాయంట” అని చెబుతుంది. మర్నాడు అల్లిక మారుతుంది. కొన్నవాడి మాట విని సరుకు మార్చడానికి కంపెనీల్లో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంటుంది. మన ఇంట్లో ఆ విభాగం నాయనమ్మ.

ఇలా అంటున్నానని మళ్లీ బుట్టలు అల్లుకోమంటున్నానని అనుకోకండి. రొయ్యల చెరువుల దగ్గర, పళ్ల మార్కెట్లలో ప్లాస్టిక్ ట్రేలు వచ్చాక ఆ పని కడుపు నింపడం లేదు. అల్లేవాళ్లకు తెలుసు, వేదికలెక్కి పొగిడేవాళ్లకే తెలియదు.

ఇంకో మాట. సభల్లో మనవాళ్లను మెచ్చుకునేవాళ్లు తరచుగా “కళ మీ రక్తంలోనే ఉంది” అంటారు. చప్పట్లు కొడతాం. నేను కొట్టను. ఎందుకో చెబుతాను. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. నేరం కొన్ని కులాలకు పుట్టుకతోనే వస్తుందన్నది దాని వెనకున్న ఆలోచన. ఏ తప్పూ చేయని మన తాతలు వేలిముద్రలిచ్చి, పోలీసుల ముందు హాజరు వేయించుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. దేశమంతటా ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు. రక్తంలో నేరం ఉందన్న మాట అబద్ధమైతే, రక్తంలో కళ ఉందన్న మాటా అబద్ధమే. మంచి మాటలా వినిపిస్తోందని దాన్ని ఒప్పుకుంటే, రెండోదాన్నీ ఒప్పుకున్నట్టే. అమ్మ అల్లిక ఆమె నేర్చుకున్నది. పదేళ్ల వయసు నుంచి వేళ్లు కోసుకుంటూ నేర్చుకున్నది. నలుగురితో కలిసి పనిచేయడం, కొత్తగా ఆలోచించడం కూడా అలా నేర్చుకుంటేనే వస్తాయి. అందుకే అవి మీకూ వస్తాయి.

నేర్చుకోవడానికి చోటు కూడా ఉంది. 2020 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. ఒక ఊరికో, వాడకో వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి, ఒక సమస్య పట్టుకుని, దాని మీద పనిచేసి రిపోర్టు ఇవ్వాలి. చాలామంది ఏం చేస్తున్నారో మీకు తెలుసు, నాకూ తెలుసు. సీనియర్ రిపోర్టు తెచ్చుకుని ఊరి పేరు మార్చి ప్రింటు తీయించి స్పైరల్ బైండింగు చేయిస్తున్నారు. ఉద్యోగానికి ముందు జీతం కోత భయం లేకుండా తప్పులు చేసుకోగల ఒకే ఒక్క అవకాశాన్ని జిరాక్సు షాపులో వదిలేసి వస్తున్నారు.

ఆ ప్రాజెక్టు మన పేటలోనే చేయండి. నలుగురు కలవండి. ఎంతమంది పిల్లలకు ఎస్టీ సర్టిఫికెట్ లేక స్కాలర్‌షిప్ ఆగిందో లెక్క తీయండి. ఒకరు ఇళ్లకు వెళ్లాలి, ఒకరు సచివాలయంలో అడగాలి, ఒకరు లెక్క రాయాలి, ఒకరు వచ్చి చెప్పాలి. వారం కాగానే పనులు మార్చుకోండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. లేకపోతే రాసే పని ఎప్పుడూ అమ్మాయిలకే పడుతుంది, మైకు ఎప్పుడూ అబ్బాయిల చేతిలోనే ఉంటుంది. రోజూ పది నిమిషాలు కూర్చుని నిన్న ఏం చేశాను, ఈ రోజు ఏం చేస్తాను, ఎక్కడ ఆగాను అని ఒక్కొక్కరూ చెప్పండి. తక్కువ మాట్లాడేవాళ్లు ముందు చెప్పాలి. తెలుగులోనే చెప్పండి. ఇంట్లో కుర్రు మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. మూడు భాషల మధ్య తిరిగే మెదడు మొద్దు మెదడు కాదు. ముందు ఆలోచన తేటగా చెప్పడం వస్తే, తర్వాత దాన్ని ఇంగ్లీషులోకి మార్చడం ఆరు నెలల పని.

కొత్తగా ఆలోచించడమంటే ఎవరూ చూడనిది సృష్టించాలని భయపడకండి. ఆత్రేయపురం పూతరేకులు చూడండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు తీసేవాళ్లు వేరు, చుట్టేవాళ్లు వేరు, అమ్మేవాళ్లు వేరు. రేకు పాతదే. ఎవరో ఒకరు పంచదార బదులు బెల్లం వేద్దామన్నారు, ఇంకొకరు జీడిపప్పు, బాదం అన్నారు. ఆ మాట అన్నవాళ్లను మొదటి రోజే నోరు మూసుకోమని ఉంటే వ్యాపారం అక్కడే ఆగేది.

నోరు మూసుకోవడం దగ్గరికే వచ్చాను కాబట్టి అసలు సంగతి చెప్పాలి. మన పిల్లలు గ్రూప్ డిస్కషన్‌లో మాట్లాడకపోవడానికి ఇంగ్లీషు ఒక్కటే కారణం కాదు. మాట్లాడితే ఎదుటివాడు “మీది ఏ ఊరు, మీరేంటి” అంటాడు. చెప్పగానే వాడి ముఖం మారుతుందేమోనని, పాత పేరు పెట్టి ఎవరైనా జోకు వేస్తారేమోనని లోపల ఒక బెరుకు. సగం మనిషిని దాచుకుని కూర్చున్నవాడికి కొత్త ఆలోచన వచ్చినా పైకి రాదు. మీ చరిత్ర ఎవరికీ వివరించాల్సిన బాధ్యత మీకు లేదు. కానీ మీకు తెలిసి ఉండాలి. తెలిసినవాడు తడబడడు. నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 1989 చట్టం ఉందన్నదీ తెలిసి ఉండాలి.

ఏకలవ్యుణ్ణి మనం మన పూర్వీకుడిగా చెప్పుకుంటాం. మట్టి బొమ్మ పెట్టుకుని ఒంటరిగా విద్య నేర్చాడని గర్వపడతాం. ఈ రోజుల్లో యూట్యూబ్ చూసి పైథాన్ నేర్చుకుంటున్న మన కుర్రాళ్లు అలాంటివాళ్లే, భేష్. కానీ ఆ కథలో నాకు ఎప్పుడూ గుచ్చుకునేది వేరే ఉంది. ద్రోణుడు బొటనవేలు అడిగినప్పుడు, “ఆగు, ఎందుకివ్వాలి?” అనడానికి అతని పక్కన ఒక్క మనిషి లేడు. ఒంటరిగా నేర్చుకున్న విద్యను కాపాడుకోవడానికైనా పక్కన మనుషులు కావాలి.

ఈ సభలో ఉద్యోగాలు చేస్తున్న అన్నయ్యలు, అక్కయ్యలు ఉన్నారు. సచివాలయాల్లో, బ్యాంకుల్లో, రైల్వేలో, కొందరు బెంగళూరులో. చందా ఇస్తున్నారు, సంతోషం. చందాతో పాటు నెలకు ఒక ఆదివారం ఇవ్వండి. మీ ఆఫీసులో మీటింగు ఎలా జరుగుతుందో, ఒప్పుకోని మాటను గొడవ లేకుండా ఎలా కాదంటారో ఈ పిల్లల ముందు చేసి చూపించండి. పుస్తకాల్లో అది దొరకదు. మిగతా ఇళ్లల్లో పిల్లలు భోజనాల దగ్గర తండ్రి ఆఫీసు కబుర్లు విని నేర్చుకుంటారు. మన ఇళ్లల్లో ఆఫీసుకు వెళ్లిన మొదటి తరం మీరే.

పెద్దలు ఒప్పుకుంటే వచ్చే నెల రెండో ఆదివారం నుంచి మొదలుపెడదాం. ఉదయం పది గంటలకు, ఇక్కడే. మొదటి అంశం, మన పేటల్లో పదో తరగతి తర్వాత చదువు ఆపేసిన పిల్లలెవరు, ఎందుకు ఆపేశారు. నలుగురేసి చొప్పున జట్లు కడతాం, ఒకే ఊరివాళ్లు ఒకే జట్టులో ఉండరు. ఒక నోటు పుస్తకం, పెన్ను తెచ్చుకోండి. లాప్‌టాప్ అక్కర్లేదు. రాజోలు నుంచి వచ్చేవాళ్ల బస్సు ఛార్జీల సంగతి సంఘం కోశాధికారి గారు చూసుకుంటామన్నారు, ఆయన ఇక్కడే ఉన్నారు, సభ అయ్యాక పేర్లు ఇవ్వండి.